పన్నెండో బోర్డు

తీర్పు మధ్యాహ్నం భోజనాల తర్వాత చెబుతారని పొద్దున పేపర్లో నాలుగో పేజీలో వేశారు, రెండే వాక్యాలు, అదీ ఎవరిదో పోయిన సైకిలు ప్రకటన పక్కన. అప్పటినుంచి ఆమె చేతులు పని చేస్తున్నాయి గాని తల పని చెయ్యడం లేదు. ఏడేళ్ళ సర్వీసులో చేతులు తల సాయం అడగడం మానేశాయి, అదొక మేలు. బోర్డు మీద దీపం వెలిగితే తీగ లాగి దాని కింది కన్నంలో ప్లగ్గు గుచ్చుతుంది, నంబరు చెప్పమంటుంది, చీటీ మీద నంబరూ టైమూ రాస్తుంది, రెండో తీగ తీసి అవతలి ఊరి లైనులో గుచ్చుతుంది, అక్కడ ఎవరైనా పలకగానే కీ ముందుకు తోసేస్తుంది. తోసేశాక వాళ్ళ మాటలు వాళ్ళవి. వెనక్కి లాగితే వినపడతాయి. లాగకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టించుకున్న కాగితంలో రెండు షరతులు ఎర్రసిరాతో గీత గీసి ఉన్నాయి: సంభాషణలు వినరాదు, వివాహమైన దినమే రాజీనామా సమర్పించవలెను. మొదటిదాన్ని ఆమె ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. రెండోదాన్ని తప్పి నాలుగేళ్ళ రెండు నెలలైంది.

గోడ గడియారంలో మూడూ అయిదు. హాలులో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, పద్దెనిమిది ఎత్తు కుర్చీలు, ఎవరికీ పేర్లు లేవు, బోర్డు నంబర్లే. సూపర్వైజరమ్మ వెనక టేబుల్ దగ్గర కూర్చుని "ఏడూ, దీపం చూడు", "పదహారూ, గొంతు తగ్గించు" అంటూంటుంది. ఆమె పన్నెండు. రాజధాని నుంచి వచ్చే నాలుగు లైన్లూ పదకొండు మీదా పన్నెండు మీదా ఉంటాయి, కాబట్టి కోర్టు దగ్గర్నుంచి కేసు వేసినావిడకి లాయరు చేసే ఫోను ఇద్దరిలో ఎవరికో ఒకరికి వచ్చి తీరాలి. పదకొండుకి రావాలని ఒకసారీ, తనకే రావాలని ఒకసారీ అనుకుంటూ ఆమె ఒక బియ్యం వ్యాపారికి పొరపాటున మార్కెట్టుకి బదులు పోలీసు స్టేషను కలపబోయి చివరి క్షణంలో ప్లగ్గు వెనక్కి లాక్కుంది. నాలుగేళ్ళుగా ఒక్క తప్పు కలపలేదు, ఇవాళ కలిపితే ఎవరికి సాక్ష్యం? ప్రభుత్వం తరఫు లాయరు కోర్టులో అన్నది ఇదేగా: పెళ్ళయిన మనిషి ఒళ్ళు ఇక్కడుంటుంది, మనసు ఇంటి పొయ్యి దగ్గరుంటుంది, అలాంటి మనిషి చేతిలో దేశం తంతి తీగలు పెట్టగలమా అని. ఆ మాట పేపర్లో చదివి ఆమె భర్త పొయ్యి దగ్గర్నుంచే నవ్వాడు, ఆ పూట వంట అతనిది కాబట్టి.

పక్క బోర్డు పదమూడు. దాని ముందు ఇప్పుడు కూర్చున్నావిడ పై వరస కన్నాలు అందక ప్రతి కాల్‌కీ లేచి నిలబడుతుంది. అంతకుముందు అక్కడ కూర్చున్న పొడుగక్కకి ఆ బాధ ఉండేది కాదు. కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి తన పై వరసా అందుకునేది, అవసరమైతే పన్నెండు పై వరసా అందుకునేది. అవసరం పడింది కూడా, ఒక రోజు పొద్దున. పెళ్ళయిన ఎనిమిదో నెల, కడుపులో మెలిపెట్టి కుర్చీ దిగి ఎలాగో బాత్రూందాకా నడిచి, అక్కడ గర్భం పోయి, గోడ పట్టుకుని నిలబడితే, నలభై నిమిషాలపాటు రెండు బోర్డుల దీపాలూ ఒక్కతే ఆర్పుతూ కూర్చుంది పొడుగక్క. సూపర్వైజరమ్మ అడిగితే "జ్వరంలా ఉందండీ, నేను చూసుకుంటా" అంది. సాయంత్రం బస్సులో ఇంటిదాకా వచ్చి దింపింది. ఏమీ ఓదార్చలేదు. "రెండు రోజులు సెలవు పెట్టు, మూడో రోజు పెట్టకు, డాక్టరు చీటీ అడుగుతారు" అంది. అలాంటి లెక్క ఆ సమయంలో ఎవరికి తోస్తుంది? పొడుగక్కకి తోస్తుంది. అంతకుముందు పెళ్ళినాడు రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం కూడా తనదే, పెద్ద అక్షరాలు, గీత దాటి పక్క గడిలోకి పోయాయని గుమాస్తా విసుక్కున్నాడు.

తన వంతు వచ్చినప్పుడు మాత్రం పొడుగక్కకి ఆ లెక్కలేవీ పనికిరాలేదు, పనికిరానివ్వలేదు. మూడు రోజుల సెలవు కాగితంలో కారణం అన్న చోట 'నా పెళ్ళి' అని రాసింది. సూపర్వైజరమ్మ కాగితం వెనక్కి తోసింది. "ఇంకేదైనా రాయి. అన్నయ్య పెళ్ళని రాయి, చెల్లెలి పెళ్ళని రాయి. లోకంలో పెళ్ళిళ్ళకేం తక్కువ?" "నాకు అన్నయ్యా లేడు, చెల్లెలూ లేదండీ. ఉన్న పెళ్ళి ఒక్కటే, అదీ నాదే." హాలంతా నవ్వింది. పన్నెండు కూడా నవ్వింది, అందరికంటే ఎక్కువే నవ్వింది, అప్పటికి పెళ్ళయి ఏడాది దాటిన పన్నెండు. నాలుగోరోజు పొడుగక్క వచ్చేసరికి కుర్చీలో ఇంకొకరున్నారు. తొమ్మిదేళ్ళ సర్వీసుకి నాలుగు లైన్ల ఉత్తరం, చివర కృతజ్ఞతలతో అని. దాన్ని అక్కడే నిలబడి చదివి, మడిచి, "వీళ్ళకి అచ్చుతప్పులు కూడా దిద్దుకోవడం రాదు" అని వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా కోర్టుకెక్కింది.

దీపం. ఇది ఊళ్ళో కాలే. "టైమెంతయిందండీ?" అని మగ గొంతు. రేడియో బాగుచేసే దుకాణం నుంచి, ఇంకెవరు, వారానికి రెండుసార్లయినా ఏదో వంకతో ఈ బోర్డుకి ఫోన్ చేసి భార్య గొంతు విని పెట్టేసే మనిషి. "మూడూ పదిహేడండీ." "ఇంకా ఏమీ తెలియలేదాండీ?" "లేదండీ." "భోజనం చేశారాండీ?" "ట్రంకు బోర్డు, అనవసరంగా వాడకూడదండీ" అని ప్లగ్గు పీకేసింది. వంతెన అవతల పేటలో వాళ్ళిద్దరూ అందరిలాగే మొగుడూ పెళ్ళాలు, ఇంటివాళ్ళావిడ అప్పుడప్పుడూ "ఇంకా విశేషమేం లేదా?" అని అడుగుతుంది కూడా. వంతెన దాటగానే ఆమె కుమారి. ఆఫీసులో ఇచ్చిన చిరునామా సొంత అక్కది. ఒకసారి బస్సులో పదిహేనో బోర్డు ఎదురైతే అతను పక్క సీట్లోంచి లేచి, పరాయి మనిషిలా కమ్మీ పట్టుకుని మూడు స్టాపులు వేలాడాడు, పదిహేను ఆమె చెవిలో "నిన్నే చూస్తున్నాడు వాడు, జాగ్రత్త" అంది. ఇంటికొచ్చి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. తర్వాత అతను నవ్వడం ఆపి, "ఇలా ఎన్నాళ్ళే?" అన్నాడు. అప్పుడు జవాబు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇది మూడో నెల. ఇంకో రెండు నెలలు వదులుగా ఉన్న బట్టలు దాస్తాయి, ఆ తర్వాత దాచవు.

మూడూ ఇరవై. వెనక సూపర్వైజరమ్మ రిజిస్టరులో ఏదో రాసుకుంటోంది, తలెత్తలేదు, కాని పొద్దుట్నుంచి ఆవిడ ఎవరినీ కేకలెయ్యలేదని పద్దెనిమిది మందీ గమనించారు. ఆవిడ చేరినప్పుడు ఈ బోర్డుల ముందు మగపిల్లలుండేవారట. ఫోను చేసిన పెద్దమనుషుల్ని వాళ్ళు తిట్టేవారట, తీగలతో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకునేవారట. గొంతు మెత్తగా ఉంటుందని, తిరిగి మాట్లాడరని ఆడవాళ్ళని పెట్టుకున్నారు. మెత్తటి గొంతులవాళ్ళు ఇరవై మూడు మంది కలిసి, పెళ్ళి నిబంధన తీసెయ్యమని ఇరవై ఏళ్ళ కిందట ఒక మహజరు రాశారు. ఎనిమిది నెలలకి జవాబొచ్చింది, పరిశీలించడమైనది, మార్పు అవసరమని తోచలేదు అని. ఒక్కొక్కరే పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు. ఇరవై మూడులో మిగిలింది ఒక్కరు. ఆ పాత కాగితం పొడుగక్క కేసులో బయటపడినప్పుడు పధ్నాలుగో సంతకం సూపర్వైజరమ్మదని చూసి హాలంతా నోరు వెళ్ళబెట్టింది. ఆవిడ కోసం ఒక స్కూలు మాస్టారు ఆరేళ్ళు ఆగి ఇంకొకరిని చేసుకున్నాడని అంటారు. ఆ సంగతి ఆవిణ్ణి అడిగిన మొనగాడెవరూ లేరు.

ఇలాంటివి ఎక్కడ మొదలవుతాయో, ఎవరికి చేరతాయో. అమ్మ సంగతీ అంతే. నాన్న ఓడ మీద పని, రెండేళ్ళకోసారి వచ్చేవాడు. ఆమెని బళ్ళో వెయ్యడానికి అమ్మ తీసుకెళ్తే హెడ్మాస్టరు అన్నాడు, తండ్రి సంతకం కావాలి, లేకపోతే తండ్రి తరఫు మగవాళ్ళది. కన్నతల్లి ఎదురుగా కూర్చుని ఉంది, ఆవిడ సంతకం చెల్లదు. బాబాయితో అప్పటికి మాటల్లేవు. అయినా అమ్మ వెళ్ళి వాళ్ళ వరండాలో పొద్దున పదినుంచి భోజనాల వేళదాకా కూర్చుంది, చెయ్యి పట్టుకుని ఈ పిల్ల. బాబాయి బయటికొచ్చి, కాగితాన్ని తలుపుకి ఆనించి గీకి, "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు వదినా" అని లోపలికి పోయాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. చెల్లెలి వంతు వచ్చేసరికి చట్టం మారింది, తల్లి సంతకం చాలన్నారు. అమ్మ వారం రోజులు పలక మీద సంతకం దిద్దుకుంది, మూడో అక్షరం ఎప్పుడూ పక్కకి వాలిపోయేది. "ఎవరో ఒకావిడ కోర్టుకెక్కిందట, ఏ ఊరో ఏమో, ఆవిడ కడుపు చల్లగా ఉండాలి" అంది. ఆవిడెవరో అమ్మ కనుక్కోలేదు. ఆవిడ నెగ్గిందా, నెగ్గి సుఖపడిందా, ఆవిడ పిల్లలు ఆవిడకి దక్కారా, ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే అమ్మ ఏ చింతా లేకుండా సంతోషపడగలిగింది. తనకి ఆ వీలు లేదు. తనకి మనిషి తెలుసు. ఎంత పొడుగో తెలుసు, ఉద్యోగం పోయాక పొడుగక్క టైపు నేర్పే గది ఏ సందులో ఉందో తెలుసు, అక్కడి ఫోను నంబరు నాలుగు ఒకటి ఏడని తెలుసు.

మనిషి వచ్చి అడిగింది కూడా. ఏడాదిన్నర కిందట, షిఫ్టు దిగాక బస్టాపు బెంచీ మీద. పొడుగక్క పక్కకి తిరక్కుండా ఎదురుగా రోడ్డు చూస్తూ మాట్లాడింది. "లాయరుకి ఒక మనిషి కావాలట. పెళ్ళయ్యాక కూడా పని చెడని మనిషి, రికార్డుతో సహా." ఆమె రికార్డు ఇద్దరికీ తెలుసు. ఒక్క ఫిర్యాదు లేదు, పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది. "నన్ను తీసేస్తారక్కా." "తీసేస్తారు. గెలిస్తే మళ్ళీ తీసుకుంటారు." "ఓడితే?" "ఓడితే ఇద్దరం కలిసి టైపు నేర్పుదాం. నాకు రెండో గది ఖాళీగానే ఉంది." పొడుగక్క నవ్వించడానికే అంది. ఆమెకి నవ్వు రాలేదు. అప్పటికి మామగారికి పక్షవాతం, రేడియో దుకాణం ఇంకా కుదురుకోలేదు, అయినా ఆ కారణాలేవీ చెప్పలేదు, చెప్పినా అవి నిజం కావు, నిజం ఒక్కటే, భయం. "నావల్ల కాదక్కా." బస్సు వస్తుంటే పొడుగక్క లేచి, "సరే. నేను అడిగానన్నది మర్చిపో" అంది. లాయరుకి పేరు చెబితే చాలు, రిజిస్ట్రారు పుస్తకంలో అంతా ఉంది, ఈమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కోర్టుకి లాగొచ్చు. చెప్పలేదు. ఏడాదిన్నరలో పొడుగక్క ఒక్కసారీ చెప్పలేదు. ఆ రాత్రి భర్త "నీ ఇష్టం" అంటే అతని మీద విరుచుకుపడింది, ఎందుకు ఒత్తిడి చెయ్యలేదని. ఒత్తిడి చేసి ఉంటే అతన్ని తిట్టుకుంటూ బతికేది. అంత అదృష్టం కూడా దక్కనివ్వలేదు.

మూడూ ముప్పై రెండు. రాజధాని మూడో లైను. చెయ్యి దానంతటదే వెళ్ళింది. "పన్నెండేనా?" అంది అవతలి ఆపరేటరు, ఏడేళ్ళుగా గొంతే తప్ప మొహం తెలియని మనిషి. "అర్జంటు కాల్. నాలుగు ఒకటి ఏడు." ఒక్క క్షణం ఆగి, ఎన్నడూ లేనిది, "లాయరుగారు" అని కలిపింది. ఆమె చీటీ మీద రాసింది, నాలుగు, ఒకటి, ఏడు, ఏడు మీద పెన్ను రెండుసార్లు తిరిగింది. ప్లగ్గు గుచ్చింది. గంట ఒక్కసారి మోగగానే పొడుగక్క ఎత్తింది. ఇప్పుడు కీ తొయ్యాలి. వేలు దాని మీదే ఉంది. తొయ్యలేదు. అవతల కూడా కీ పడిన చప్పుడు లేదు, ఎవరిదో ఊపిరి.

"అమ్మా, నిబంధన కొట్టేశారు." లాయరు ముసలాయన, ఆయాసపడుతున్నాడు, మెట్లు దిగి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. "చెల్లదన్నారు. పెళ్ళికీ పనికీ ముడిపెట్టడానికి ఎవరికీ హక్కు లేదన్నారు, ముగ్గురు జడ్జీలూ ఒక్కమాటగా." పొడుగక్క ఏదో అంది, మాట కాదు అది. "ఒక్కటి మాత్రం ఉందమ్మా. తీర్పు ఇవాళ్టినుంచి వర్తిస్తుందన్నారు. ఇవాళ్టిదాకా జరిగిన తొలగింపుల జోలికి పోలేదు." "అంటే?" "అంటే ఇకమీదట ఎవరినీ తియ్యకూడదు. ఇప్పటికే తీసేసినవాళ్ళ సంగతి..." "నా సంగతి." "నీ సంగతి పైకోర్టులో అడగాలి. అడుగుదాం. నేను వదలను." లైనులో గరగర. చీటీ మీద గడియారం చూసి రాసే చోట ఆమె ఏమీ రాయలేదు. మూడు నిమిషాలు దాటాయి, నాలుగు దాటాయి, లాయరు ఇంకేవో కాగితాల సంగతి చెప్పాడు, పొడుగక్క "ఊఁ", "ఊఁ" అంది, ఆయన పెట్టేశాడు. పొడుగక్క పెట్టలేదు.

"లైనులో ఎంతమంది ఉన్నారే?"

"నేనక్కా." "నేను కూడానండీ, క్షమించండి" అంది రాజధాని ఆపరేటరు, గబగబా, "ఇక్కడ మేం ఆరుగురం ఉన్నామండీ, అందరం మీకు... సరే, కట్ చేస్తున్నాను." క్లిక్‌మంది. ఇద్దరే మిగిలారు.

"విన్నావుగా?"

"విన్నాను. అక్కా, నిన్ను తీసుకోరట."

"అది నేనూ ఆ ముసలాయనా చూసుకుంటాం. నువ్వింకా కుర్చీలో ఉన్నావేం?"

"ఆ రోజు బెంచీ మీద నేను..."

"ట్రంకు లైను మీద ఆ కబుర్లా? నేర్పినదంతా మర్చిపోయావు."

"నాకు మూడో నెల అక్కా."

అటువైపు ఎవరో టైపు కొడుతున్న చప్పుడు, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. పొడుగక్క ఏడ్చిందో లేదో తీగలో తెలియదు. "నీళ్ళు బాగా తాగు" అంది చివరికి. "వెళ్ళి చెప్పు. నోటితో చెప్పకు, నోటిమాట రేపు ఎవరూ ఒప్పుకోరు. కాగితం మీద రాసివ్వు. తేదీ వెయ్యి. ఇక లైను ఖాళీ చెయ్యి, జనం కాచుకుని ఉంటారు."

బోర్డు మీద అయిదు దీపాలు వెలుగుతున్నాయి. పదకొండు ఏమీ అడక్కుండానే చెయ్యి చాపి ఒక్కొక్కటే అందుకోవడం మొదలుపెట్టింది. ఆమె చీటీల పుస్తకంలోంచి తెల్లకాగితం చింపి, నాకు వివాహమై నాలుగు సంవత్సరముల రెండు నెలలైనదని, భర్త రేడియో మెకానిక్కనీ, నేను గర్భవతిననీ, ఉద్యోగంలో కొనసాగదలచితిననీ రాసింది. చదువుకుంటే ఎవరో పరాయివాళ్ళ గురించి రాసినట్టుంది. సంతకం పెట్టింది. హాలు ఆ చివరనుంచి ఈ చివరకి ముప్పై అడుగులుంటుంది, కుర్చీలన్నీ తన వెనకే తిరుగుతున్నట్టు అనిపించింది గాని ఒక్కరూ తిరగలేదు, అందరి చేతులూ బోర్డుల మీదే ఉన్నాయి.

సూపర్వైజరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "ఇవాళే ఎందుకిచ్చావు?"

"తీర్పు వచ్చిందండీ. ఆ నిబంధన చెల్లదన్నారు."

"ఆఫీసుకి ఇంకా ఏ ఉత్తర్వూ రాలేదే. నీకెవరు చెప్పారు?"

ఎవరో ఫోన్ చేసి చెప్పారంటే సరిపోతుంది. నాలుగేళ్ళుగా ఇంతకంటే కష్టమైన అబద్ధాలు ఆగకుండా చెప్పిన నోరు. ఇప్పుడు అది వెతుక్కోలేదు, అలిసిపోయినట్టుంది. "విన్నానండీ. లైనులో."

"వినకూడదని తెలుసుగా?"

"తెలుసండీ."

ఆవిడ సొరుగు లాగి మెమో ఫారం తీసింది. "పెళ్ళి కాగితం పైకి పంపిస్తాను. కోర్టు వద్దంటే వాళ్ళేం చెయ్యలేరు. ఇది మాత్రం నేను చూడాల్సిందే." బోర్డు నంబరు పన్నెండు, సంభాషణ వినుట, మొదటి తప్పిదము, మందలించడమైనది. ఏడేళ్ళ తెల్లటి రికార్డులో మొదటి మచ్చ గుండ్రటి అక్షరాలతో పడుతుంటే ఆమె చూస్తూ నిలబడింది. రాస్తూనే, తలెత్తకుండా, ఆవిడ అడిగింది.

"మంచివాడేనా?"

"గురక పెడతాడండీ." ఇంకేదో చెప్పాలనిపించింది. "వంట బాగా చేస్తాడు."

పెన్ను ఆగింది. మళ్ళీ కదిలింది. "ఆవిణ్ణి వెనక్కి తీసుకుంటారటా? పదమూడుని?"

"లేదండీ. ఇవాళ్టినుంచేనట. వెనకటివాళ్ళకి వర్తించదట."

"వెనకటివాళ్ళు" అంది సూపర్వైజరమ్మ. మెమో మీద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా చూసి, రెండో ప్రతి ఆమె చేతికిచ్చింది. కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది, అద్దాలకి ఏమీ లేకపోయినా. పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఆవిడ చేతులు ఎంత చిన్నవో ఆమె ఎప్పుడూ గమనించలేదు.

"వెళ్ళి ఆ పొడుగావిడ నంబరు నా టేబుల్‌కి కలుపు."

ఆమె బోర్డు దగ్గరికొచ్చి కూర్చుని నాలుగు ఒకటి ఏడుని వెనక టేబుల్‌కి కలిపింది. పొడుగక్క "హలో" అంది. "హలో, ఎవరండీ?" ఇవతల గొంతు సవరించుకున్న చప్పుడు, తర్వాత "నేనమ్మా" అన్న మాట, ఆ మాట వరకే. ఆమె కీ ముందుకు తోసేసింది. రాజధాని లైనులో దీపం వెలిగింది, దాన్ని అందుకుంది, తర్వాత ఇంకోటి, ఇంకోటి. వెనక టేబుల్ కాల్ దీపం నాలుగింటికి షిఫ్టు దిగేదాకా వెలుగుతూనే ఉంది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆమెకి ఆ రోజూ తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు.